తుత్తునాగపు రాళ్లు

కడపనుండి పులివెందులకు పోవు బాటలో, పాపఘ్ని నది ప్రక్కన, వేంపల్లె యను ఊరు కలదు. గండి క్షేత్రమునకు పోవు యాత్రికులు ఆ ఊరి మీదుగా పోవుదురు. కాని యాత్రికులకంటె ఎక్కువగా ఆ పేరును తలచుకొనువారు వేరొకరు కలరు. వారు భూగర్భశాస్త్రము చదువువారు. విలియం కింగ్ అను శాస్త్రజ్ఞుడు కడప, కర్నూలు సీమల కొండలను పరిశీలించి 1872లో ఒక గ్రంథమును ప్రకటించెను. రాతిపొరలకు, అవి చక్కగా కనబడు ఊళ్ల పేర్లు పెట్టుట ఆ శాస్త్రమున వాడుక. అందుచేత ఆయన క్రింది ఇసుకరాతి పొరకు గువ్వలచెరువు పేరును, దానిపై నున్న సున్నపురాతి పొరకు వేంపల్లె పేరును పెట్టెను. గువ్వలచెరువు దొరలనోట నలిగి 'గుల్చేరు' అయినది. వేంపల్లె మాత్రము ఇంచుమించు వేంపల్లెగానే నిలిచినది.

ఈ వేంపల్లె రాయి ఉత్త సున్నపురాయి కాదు. దీనిలో మెగ్నీషియము కూడ కలదు; ఇట్టి రాతిని డోలమైటు అందురు. దీని వయస్సు రమారమి రెండువందల కోట్ల సంవత్సరములు. అప్పటికి భూమిపై చెట్టు లేదు, చేప లేదు. సముద్రపు అంచులలో కంటికి కనబడని జీవులు పొరపై పొరగా అడుసును పట్టి నిలిపినవి. ఉల్లిగడ్డను అడ్డముగా కోసినచో కనబడు వలయములవంటి గుర్తులు నేటికిని ఈ రాళ్లలో కనబడుచున్నవి. ఈ ప్రాంతమున ముగ్గురాయిని, రాతినారను త్రవ్వి తీసిన సంగతి మీ పెద్దలు చెప్పియుందురు. తుమ్మలపల్లె దగ్గర ఈ డోలమైటులోనే యురేనియము దొరకుచున్నది.

ఇప్పుడు మనము చూడవలసినది ఇట్టి రాతికున్న ఒక స్వభావమును మాత్రమే. సున్నపురాతి పొడిపై నిమ్మరసము పిండి చూడుడు. సన్నని బుడగలు వచ్చును. కొంతసేపటికి ఆ రసమున పులుపు తగ్గును. పులుసు నీటిని విరుచుటయే ఈ రాతి స్వభావము. ఆ నీటిలో ఏదేని లోహము కరగియున్నచో, పులుపు విరిగినంతనే ఆ లోహము నీటిని విడిచి రాతిని పట్టుకొనును. ఈ చిన్న సంగతినుండి ఎంత కథ నడచినదో చూడుడు.

మీ యింటిలోని ఇత్తడి బిందె రాగియు తుత్తునాగమును కలసినది. తుత్తునాగమును ఆంగ్లేయులు జింకు అందురు. మన రైతులును నేడట్లే అనుచున్నారు. మన పూర్వులు ఈ లోహమును కంటితో చూడక మునుపే దానితో ఇత్తడిని చేసిరి! ఇది నమ్మదగని మాటవలె తోచును కాని నిజము. రాగి ముక్కలను, బొగ్గును, ఒక విధమైన తెల్లని మట్టిరాతిని మూకుటిలో పెట్టి మూత బిగించి కాల్చిన, రాగి పసుపు వన్నెకు తిరుగును. రాతిలో ఏదో సత్త్వమున్నదని వారికి తెలిసినది. ఆ రాతిని రసశాస్త్ర గ్రంథములలో రసకమనియు, ఖర్పరమనియు పిలిచిరి. ఆ సత్త్వమును విడిగా తీయుట మాత్రము చాల కాలము సాధ్యము కాలేదు.

ఎందుచేతననగా, ఇనుము, రాగి, సీసము కొలిమిలో కరగి అడుగున నిలుచును. తుత్తునాగము అట్లు కాదు. అది 907 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో ఆవిరియగును. దాని రాతినుండి దానిని విడదీయుటకు అంతకంటె ఎక్కువ వేడి కావలెను. కనుక లోహము పుట్టినంతనే ఆవిరియై, గాలి తగిలి మండి, తెల్లని పొగగా ఎగిరిపోవును. కొలిమివాడు మూత తీసి చూచునప్పటికి ఏమియు ఉండదు.

ఈ చిక్కును విప్పినవారు రాజస్థానమున ఉదయపురము సమీపములోని జావరు పనివారు. వారు వంకాయ ఆకారముగల మట్టి మూసలలో రాతిపొడిని, బొగ్గును నింపి, మూతికి మట్టిగొట్టము తగిలించి, తలక్రిందులుగా కొలిమిలో నిలిపిరి. పైన మంట, క్రింద చల్లని గది. ఆవిరికి పైకి పోవు దారి లేక క్రిందికి దిగి, చల్లబడి, లోహమై బొట్లు బొట్లుగా పడెను. రసరత్నసముచ్చయమను గ్రంథమున ఈ వంకాయ మూస ప్రస్తావన కలదు. 1983లో అచ్చట త్రవ్వకములు జరిపినప్పుడు ఒక్కొక్క కొలిమిలో 36 మూసలు వరుసలుగా నిలిపిన ఆనవాళ్లు దొరకినవి. వాడి పారవేసిన మూసలనే ఇటుకలవలె పేర్చి ఆ పనివారు ఇండ్ల గోడలు కూడ కట్టుకొనిరట! ఇంగ్లండులో విలియం ఛాంపియన్ తుత్తునాగము తీయు పద్ధతికి హక్కు పత్రము పొందినది 1738లో. జావరువారు అంతకు కొన్ని శతాబ్దముల ముందే ఈ పని పెద్ద ఎత్తున నడిపిరి. మన దక్షిణదేశపు 'తుత్తునాగము' అను మాటయే పోర్చుగీసు వర్తకుల నోటబడి, 'టూటెనాగు' అయి, ఓడలెక్కి ఐరోపాకు పోయినది.

సరే, ఆ తెల్లని మట్టిరాయి ఎక్కడనుండి వచ్చినది?

భూమి లోతున తుత్తునాగము గంధకముతో కలసియుండును. ఆ ఖనిజము పేరు స్ఫాలెరైటు. గ్రీకు భాషలో ఈ పేరునకు మోసగించునది అని భావము. చూచుటకు సీసపు రాతివలె నుండి, కాల్చిన సీసము నీయకపోవుటచే దానికా పేరు వచ్చినది. దాని ప్రక్కనే సీసపు రాయియు, ఇనుము గంధకము కలసిన పసుపు పచ్చని రాయియు ఉండుట సాధారణము. గాలి చొరని లోతులో ఇవి కోట్ల సంవత్సరములు మార్పులేక పడియుండును. కాని కొండ నిలుకడగా ఉండునది కాదు. వానలు దానిని అరగదీయును. పాపఘ్ని గండి దగ్గర కొండను ఎట్లు కోసినదో చూచినవారికి ఈ మాట వేరుగా చెప్పనక్కరలేదు. కొండ అరగినకొలది లోపలి రాయి పైకి దగ్గరగును. పగుళ్లగుండా వాననీరు, దానితో గాలి లోనికి దిగును.

అప్పుడు కొండ లోపల తుప్పు ఆరంభమగును. ఇనుపరాతిలోని గంధకము గంధకికామ్లముగా మారును. ఇనుము ఎఱ్ఱని తుప్పై పైననే నిలుచును. గనివారు దూరమునుండి ఇట్టి ఎఱ్ఱని గుల్లరాతిని చూచి క్రింద ఖనిజము ఉండవచ్చునని ఊహింతురు. సీసము ఆమ్లముతో కలసినను నీటిలో కరగని పదార్థమగును. కనుక అదియు దాదాపు ఉన్నచోటనే ఉండును. తుత్తునాగము మాత్రము కరగును. ఆ కరగిన పదార్థమే మన వైద్యులు ఎరిగిన పాలతుత్తము; నేటి అంగళ్లలో దాని పేరు జింకు సల్ఫేటు. అది నీటితోపాటు పగుళ్లలో క్రిందికి, ప్రక్కకు ప్రయాణము చేయును. దారిలో ఏ రాయియు అడ్డుపడని యెడల వాగులో కలసి పోవును. సున్నపురాయి గాని డోలమైటు గాని అడ్డుపడిన యెడల, ముందు చెప్పిన నిమ్మరసపు కథ జరుగును. పులుపు విరుగును. తుత్తునాగము నీటిని విడిచి, రాతిలోని సున్నము స్థానమును తాను ఆక్రమించును. సున్నము కరగి వెడలిపోవును. ఒక ఇంటివారు ఒక గది తరువాత ఒక గది ఖాళీ చేయుచుండగా వేరొకరు చేరుచున్నట్లుగా, గోడలు మారకయే ఇల్లు చేతులు మారును. ఇట్లు మొదటి ఖనిజము చెడి, దాని లోహముతో పుట్టిన క్రొత్త ఖనిజమును గౌణ ఖనిజమందురు.

ఈ గౌణ ఖనిజము తరచు మట్టిరంగున, గుల్లగా, చూచుటకు ఏ విశేషము లేక యుండును. రాగి కొంచెము కలసిన నీలమును ఆకుపచ్చయు కలసిన వన్నెతో, కోబాల్టు కలసిన గులాబి వన్నెతో ద్రాక్షగుత్తులవలె మెరయుటయు కలదు. కాని గనివానికి దొరకునది ఎక్కువగా మట్టిరంగుదే. అమెరికాలో కొలరాడో సీమలోని లెడ్‌విల్ గనులలో వెండికొఱకు, సీసముకొఱకు త్రవ్వినవారు దీనిని కొఱగాని రాయి యనుకొని సుమారు ముప్పది సంవత్సరములు ప్రక్కన పెట్టిరి. 1910 ప్రాంతమున గాని అది తుత్తునాగపు రాయి యని గ్రహింపబడలేదు. చేతిలోనికి తీసికొని బరువు చూచినను అనుమానము రావలసినది. ఇది అదే పరిమాణముగల సున్నపురాతికంటె ఒకటిన్నర రెట్లకు పైగా బరువు తూగును. కన్ను చూచినదానిని చేయి మరల పరీక్షింపవలెను గదా!

జేమ్స్ స్మిత్‌సన్ అను ఆంగ్లేయుడు అట్టి పరీక్షకుడు. అతని కాలమున ఇట్టి తెల్లని రాళ్లన్నిటికిని కేలమైను అనియే పేరు. అన్నియు ఒకటియే యని పెద్ద పండితులు కొందరు తలచిరి. స్మిత్‌సన్ వేరువేరు దేశములనుండి నాలుగు రాళ్లు తెప్పించి, తూచి, కాల్చి, ఆమ్లములలో కరగించి, ఇవి ఒకటి కావని 1802లో లండన్ రాయల్ సొసైటీకి విన్నవించెను. కొన్నింటిలో తుత్తునాగము బొగ్గుపులుసు గాలితోను, ఒకదానిలో ఇసుక సారముతోను కలసియున్నదని ఆయన తేల్చెను. అతడు 1829లో మరణించిన తరువాత, 1832లో మొదటి రకమునకు స్మిత్‌సొనైటు అని పేరు పెట్టిరి. అతని ధనము వీలునామా ప్రకారము, అతడెన్నడును చూడని అమెరికా దేశమునకు చేరగా, దానితో 1846లో వాషింగ్టను నగరమున స్మిత్‌సోనియను విద్యాసంస్థ వెలసినది. ఆ సంస్థ పేరు ఎరిగినవారు లక్షలు. ఆ రాతి పేరు ఎరిగినవారు కొలదిమంది.

మన సీమకు వత్తము. కడప జిల్లాలో నల్లమల వైపున జంగంరాజుపల్లె దగ్గర పూర్వము సీసముకొఱకు త్రవ్విన గోతులు కలవు. ఆ చుట్టుప్రక్కల డోలమైటు పొరలలో సీసము, తుత్తునాగము ఉన్నవని భూగర్భ పరిశీలకులు గుర్తించిరి. వినుకొండ ప్రాంతమున అగ్నిగుండాల సమీపమున బండ్లమొట్టు కొండలో హిందుస్థాన్ జింకు సంస్థవారు సీసపు గనిని నడిపిరి. అదే సంస్థ 1977లో విశాఖపట్టణమున తుత్తునాగము తీయు కర్మాగారమును నెలకొల్పెను. అది 2012లో మూతపడినది. పాత గోతులలో సీసమే ఎందుకు దొరకెనో మీరిప్పుడు చెప్పగలరు. సీసము ఉన్నచోటనే ఉండును, తుత్తునాగము దిగిపోవును.

గౌణ ఖనిజములలో మిక్కిలి అరుదైనదానిని గూర్చి ఇక చెప్పెదను. దాని పేరు హోపైటు. తుత్తునాగము బొగ్గుపులుసు గాలికి బదులు భాస్వరముతో కలసిన, ఈ గాజువంటి స్ఫటికములు పుట్టును. ఎడింబరో నగరమున రసాయనశాస్త్రము చెప్పిన థామస్ చార్లెస్ హోప్ పేరిట దీనికీ పేరు వచ్చినది. నీరు సుమారు నాలుగు డిగ్రీల దగ్గర అన్నిటికంటె సాంద్రమై యుండునని మీరు చదువుకొను పాఠమున ప్రయోగము చేసినది ఆ హోపే. ఇది మొదట దొరకినది బెల్జియము, జర్మనీ సరిహద్దులలోని మోరెనే గనిలో. ఆ గనికొఱకు రెండు రాజ్యములు తగవులాడి, ఎవరికిని చెందకుండ 1816లో ఆ చోటిని విడిచిపెట్టినవి. సుమారు 3.5 చదరపు కిలోమీటర్ల ఆ తునుక భూమి, మొదటి ప్రపంచ యుద్ధము ముగిసి 1920లో బెల్జియములో చేరువరకు, ఒక బుల్లి దేశమువలె నుండెను. గనిలోని ఖనిజము మాత్రము 1885 నాటికే అయిపోయినది!

హోపైటు సమృద్ధిగా దొరకినది ఆఫ్రికాలో. నేటి జాంబియా దేశమున కాబ్వే యను ఊరు కలదు. పూర్వము దానిని బ్రోకెన్ హిల్ అనెడివారు. అచ్చటి చిన్న కొండలలో సీసమును తుత్తునాగమును పుష్కలముగా నుండెను. కొండలో ఒక గుహ. ఆ గుహ నిండ ప్రాచీన జంతువుల ఎముకలు. 1908లో స్పెన్సరు అను శాస్త్రజ్ఞుడు ఆ గని ఖనిజములను వర్ణించెను. ఎముకలపైన, ఎముకల సందులలోను హోపైటు స్ఫటికములు మెరయుచుండెను. కారణము సులభము. ఎముక యనగా ముఖ్యముగా సున్నము, భాస్వరము. తుత్తునాగపు నీరు కొండనుండి ఊరి ఎముకలమీదుగా పారినది. సున్నపురాతికి జరిగినదే ఎముకకును జరిగినది. ఇక్కడ భాస్వరము దానిని పట్టుకొన్నది.

1921 జూన్ 17వ తేదీన ఆ గనిలో పనివారు త్రవ్వుచుండగా ఒక మానవ కపాలము బయటపడెను. ముఖమున కనుబొమల ఎముకలు లావుగా ముందుకు వచ్చి, మన తలలవలె కాక వేరు రూపున ఉండెను. ఆఫ్రికాలో దొరకిన అతి ప్రాచీన మానవుని మొదటి కపాలమది. ఖనిజపు నీరు దానిని అన్నేండ్లు కాపాడినది. దాని వయస్సు సుమారు 3 లక్షల సంవత్సరములని 2020లో తేల్చిరి. అది ఇప్పుడు లండను ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలలో ఉన్నది. దానిని తిరిగి యిమ్మని జాంబియా చిరకాలముగా కోరుచున్నది. దొరకిన కొండ మాత్రము ఇప్పుడు లేదు. ఖనిజముకొఱకు దానిని మొత్తముగా త్రవ్వివేసిరి.

1994లో ఆ గని మూతపడినది. కొండను కరగించినవారు తుత్తునాగమును, సీసమును కొనిపోయిరి గాని, సీసము కలిసిన దుమ్మును అచ్చటనే విడిచిపోయిరి. సీసము కదలదని మనము చెప్పుకొంటిమి. కదలనిది కావుననే అది నేటికిని కాబ్వే వీథులలో, పెరళ్లలో ఉన్నది. అచ్చట మట్టిలో ఆడుకొను పిల్లల రక్తమున సీసము ప్రమాదకరమైన మోతాదులో ఉన్నదని వైద్యులు పలుమారులు కనుగొనిరి. వారిలో చాలమంది ఆ గని మూతపడిన తరువాత పుట్టినవారే.

తుత్తునాగము సంగతి దీనికి వేరు. అది మితముగా ఉన్న మేలు, లేకున్నచో కీడు. బీహారులో జన్మించిన ఆనందప్రసాద్ అను వైద్యుడు ఇరాను దేశమున, ఇరువది యేండ్ల వయస్సున పది యేండ్ల బాలురవలె గిడసబారిన యువకులను చూచి 1961లో వారినిగూర్చి వ్రాసెను. తరువాత ఈజిప్టులో పరీక్షించి, వారి ఎదుగుదల నిలిచినది తుత్తునాగము చాలకపోవుటచేతనే యని తేల్చెను. వారి ఆహారము ముఖ్యముగా పొట్టు తీయని గోధుమపిండి రొట్టె. ఆ పొట్టులోని భాస్వర పదార్థము తుత్తునాగమును పట్టి, కడుపులో ఒంటబట్టనీయలేదు. విరేచనములతో బాధపడు పసిపిల్లలకు ఉప్పు చక్కెర కలిపిన ద్రావణముతోపాటు 10 మొదలు 14 దినములు జింకు ఇయ్యవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 2004లో సలహా నిచ్చినవి.

పైరుకును ఇదే ఆకలి కలదు. ఉత్తరదేశమున తరాయి భూములలో వరి ఆకులు తుప్పురంగు తిరిగి, పైరు ఎదుగక యుండగా, అది తెగులు కాదనియు, తుత్తునాగపు లోపమనియు 1966లో పంత్‌నగరమున నేనే అను శాస్త్రజ్ఞుడు కనుగొనెను. మన సీమలో సున్నపు పాలు ఎక్కువైన నేలలు చాల కలవు. మీలో కొందరి యిండ్లవారికి చీనీ తోటలు ఉండును. లేత ఆకులు చిన్నవై, సన్నగిల్లి, ఈనెల నడుమ పచ్చబారుట మీరు చూచియుందురు. నేలలో తుత్తునాగము కొంత లేకపోలేదు. సున్నము దానిని బిగబట్టి వేరుకు అందనీయదు. కొండ లోపల గనివానికి ఖనిజము కూర్చిపెట్టిన స్వభావమే చేనిలో రైతునకు నష్టము తెచ్చుచున్నది. అందుచేత చీనీ చెట్ల ఆకులపై జింకు సల్ఫేటు నీటిని చల్లుదురు. వరి మడులకు ఎకరమునకు 20 కిలోల చొప్పున దుక్కిలో వేయుదురు.

వ్యవసాయాధికారులు ఆ సంచి ఇచ్చునప్పుడు ఒక మాట తప్పక చెప్పుదురు. జింకును సూపర్ ఫాస్ఫేటుతో కలిపి వేయరాదు. రెండింటికి నడుమ మూడు దినములైనను ఎడముండవలెను. సూపర్ ఫాస్ఫేటులో ఉన్నది భాస్వరము. రెండును ఒక్కమారు మడిలో కలసిన, కాబ్వే గుహలో ఎముకలపై పేరుకొన్న పదార్థమువంటిదే మడి అడుగున పేరుకొనును; అది నీట కరగదు, వేరునకు అందదు.